కదలని ముల్లు

రెండేళ్ళ చదువును అయిదేళ్ళుగా చదువుతున్న సూపర్‌వైజరు ఆ రోజు తెల్లారకముందే లేచి, ఏ గంటకు ఏం చెయ్యాలో కాగితం మీద రాసుకున్నాడు. పది గంటలకు కాలేజీలో వైవా. పదకొండుకి పాసవడం. పన్నెండుకి పాసయినట్టు కాగితం తీసుకోవడం. నాలుగింటికి ఆ కాగితం తన పంపుల ఫ్యాక్టరీలో ఇచ్చి డిప్యూటీ మేనేజరు కావడం. ఆరింటికి ఇంటికొచ్చి, భార్య ముందు కాలు మీద కాలేసుకుని కూర్చోవడం. ఈ చివరి దాని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాడు.

మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ లేనివాడికి ఆ ఫ్యాక్టరీలో అద్దాల తలుపు అవతల కుర్చీ లేదు. పధ్నాలుగేళ్ళుగా తలుపు ఇవతలే నిలబడి, తన దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు లోపలికి వెళ్ళడం చూశాడు పాపం. అందుకే ఉద్యోగం చేస్తూనే చదువులో చేరాడు. కాలేజీవాళ్ళు ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో సరి. అది దాటితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ మొదటి నుంచి చదివే ఓపిక అతనికి లేదు, చదివించే ఓపిక అతని భార్యకు అసలే లేదు.

అతని థీసిస్ రెండు వందల పన్నెండు పేజీలు. ఇనుమును తిప్పుతూ కోసే లేత్ మిషను మీద చేసిన షాఫ్టు, అంటే పంపులో తిరిగే కడ్డీ, చూడ్డానికి గుండ్రంగానే ఉంటుంది గానీ నిజానికి ఉండదు, కాస్త వంకర ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మైక్రాను. మామూలుగా ముప్ఫై మైక్రాన్లు ఉండే ఈ వంకరను, కంప్యూటరు చెప్పిన వేగంతో కోస్తే పద్దెనిమిదికి తగ్గించవచ్చని అతను కనిపెట్టాడు. ఈ ముక్క చెప్పడానికి రెండు పేజీలు చాలు. మిగతావి గైడుగారు పెట్టించారు. సాక్ష్యంగా కాలేజీ మిషను మీద తను స్వయంగా కోసిన షాఫ్టును నూనె కాగితంలో చుట్టి, బిస్కట్ల డబ్బాలో పెట్టి, ముందు రోజు మధ్యాహ్నమే భోజనాల బల్ల మీద ఉంచాడు. ఇప్పుడా డబ్బాను మూత తీసి చూడకుండా సంచిలో పెట్టుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

వసారాలో మామగారు కుర్చీ ఎక్కి గోడ గడియారం ముల్లు సరిచేస్తున్నారు. ఆయన అదే పంపుల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు లేత్ మీద పనిచేశారు. మూడేళ్ళ కిందట కంప్యూటర్ మిషన్లు రాగానే, ఇక విశ్రాంతి తీసుకోండని ఆ గడియారం చేతికిచ్చి ఇంటికి పంపించారు. అది రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంది. అల్లుడు థీసిస్ రాసినన్నాళ్ళూ ఆయన ఏదో చెప్పబోవడం, "అది మీకు తెలీదులెండి మావయ్యగారూ, ఇది సైన్సు" అని అల్లుడు ఆయన నోరు మూయించడం ఆ ఇంట్లో రోజూ జరిగేదే.

"వెళ్ళి రండి అల్లుడుగారూ. ఇంక మీకు దిగుల్లేదు" అన్నారాయన ముసిముసిగా నవ్వుతూ.

సూపర్‌వైజరు దాన్ని ఆశీర్వాదం అనుకున్నాడు.

కాలేజీలో లోహం ఎలా కొయ్యాలో ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నా వేలికి ఒక్క గాటు కూడా పడని మనిషి గైడుగారు. పరీక్ష చెయ్యడానికి బయటివాళ్ళెవరైనా రావాలన్నది నిబంధన కాబట్టి, ఆ పంపుల ఫ్యాక్టరీ జనరల్ మేనేజరునే పిలిపించారు. "మీ కంపెనీ ఆయనే కదయ్యా, చూసీ చూడనట్టు పోతాడు" అని శిష్యుడికి ధైర్యం చెప్పారు. అన్నట్టే జనరల్ మేనేజరు గంటసేపు ఫోను చూసుకుంటూ కూర్చుని, చివరికి ఆవలించి, "సరే, ఆ షాఫ్టు కొలిచేస్తే సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

షాఫ్టును రెండు మొనల మధ్య బిగించి, దాని మీద డయల్ గేజీ ఆనించారు. అది చిన్న గడియారం లాంటిది. షాఫ్టును చేత్తో తిప్పితే, ఎంత వంకర ఉంటే ముల్లు అన్ని గీతలు ఊగాలి. సూపర్‌వైజరు తిప్పాడు. ముల్లు కదల్లేదు.

"గేజీ పాడైనట్టుంది" అన్నారు గైడుగారు.

ఇంకో గేజీ తెచ్చారు. ముల్లు కదల్లేదు. బీరువాలో సీలు కూడా విప్పని మూడోది తెచ్చారు. అదీ కదల్లేదు. జనరల్ మేనేజరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పద్దెనిమిది అని రాశావు కదయ్యా?"

"అవునండీ."

"మరి ఇది సున్నా అంటోందేం?"

సూపర్‌వైజరుకు మళ్ళీ తిప్పి చూసినా సున్నానే వచ్చింది. గైడుగారికి మాటలకు ఎప్పుడూ కరువు లేదు. "మావాడికి వినయం ఎక్కువ సార్. తక్కువ చేసి రాసుకున్నాడు."

"లావు కూడా థీసిస్ బొమ్మలో ఉన్నదానికన్నా అర మిల్లీమీటరు తక్కువుంది?"

"ఇనుము ఆదా సార్. అది మా రెండో లక్ష్యం."

జనరల్ మేనేజరు కళ్ళు మెరిశాయి. కంప్యూటర్ మిషన్లు వచ్చిన దగ్గర్నుంచి ఆయన అమ్మిన పంపులు ఒణుకుతున్నాయని కొన్నవాళ్ళు తిప్పి పంపుతున్నారు. ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలం ఖాళీగా లేకుండా పోయింది. "రెండింటికి నా కళ్ళ ముందు ఇంకొకటి చేసి చూపించు. అప్పుడు సంతకం" అన్నాడు.

సూపర్‌వైజరు వరండాలోకి పరుగెత్తి భార్యకు ఫోను చేశాడు. "నిన్న నా డబ్బా ఎవరు ముట్టుకున్నారు?"

"నేను దుమ్ము దులపడానికి కూడా ముట్టుకోను. నాన్న మాత్రం సాయంత్రం ఆ గొట్టాన్ని బల్ల అద్దం మీద దొర్లించి చూశారు. కింద నుంచి వెలుతురు కనబడుతోందిట, అంటే వంకరేనట. ఇది పట్టుకెళ్తే నలుగురిలో అల్లుడి పరువు పోతుందని, వీధి చివర వర్క్‌షాపుకి తీసుకెళ్ళి శుభ్రంగా సరిచేసుకొచ్చారు. మీకు చెప్పొద్దన్నారు, నొచ్చుకుంటారని."

"ఓరి దేవుడా! ఆ వంకరేనే నా థీసిస్!"

"వంకరగా చెయ్యడానికి అయిదేళ్ళు పట్టిందా అండీ?" అని ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

అతను వెళ్ళి గైడుగారి ముందు నిజం కక్కేశాడు. గైడుగారు అటూ ఇటూ చూసి, "నోరు మూసుకుని ఆ పెద్దాయన్ని పిలిపించు. హెల్పరని చెబుదాం. నువ్వు లాప్‌టాప్ పట్టుకుని అంకెలు చదువు, చాలు" అన్నారు. కాలేజీ వారి ఖరీదైన మిషను అప్పటికి నెల రోజులుగా తెరుచుకోవడం లేదు. దాని పాస్‌వర్డు తెలిసిన ఒక్క మనిషి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. చివరికి ఓ మూల దుప్పటి కప్పి ఉంచిన పాత లేత్‌ను తుడిచి పెట్టారు.

రెండింటికి మామగారు గుడ్డసంచితో వచ్చారు. జనరల్ మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూసి తల తిప్పుకున్నాడు. నలభై ఏళ్ళు తన గేటులోంచి లోపలికి వచ్చిన మనిషిని ఆయన గుర్తు పట్టలేదు.

"వేగం తొమ్మిది వందల ఇరవై" అని సూపర్‌వైజరు గంభీరంగా చదివాడు.

"అలాగే సార్" అని మామగారు దాన్ని తనకు తోచినంతకు తిప్పుకున్నారు. తర్వాత సంచిలోంచి చెక్కపుల్ల తీసి, ఒక కొన మిషనుకీ ఇంకో కొన చెవికీ ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"అదేమిటి?" అన్నాడు జనరల్ మేనేజరు.

"శబ్ద విశ్లేషణ సార్" అన్నారు గైడుగారు.

మామగారు కోసే టూలును సానబట్టి, బొటనవేలి గోటి మీద గీసి చూసుకున్నారు. గైడుగారు దానికీ ఓ పేరు పెట్టారు. కోత పూర్తయింది. షాఫ్టు వెండిలా మెరుస్తోంది. సూపర్‌వైజరు ఆత్రంగా గేజీ తీశాడు.

"ఆగండి. ముందు టీ తాగొద్దాం" అన్నారు మామగారు. "ఇప్పుడది వేడి మీదుంది. వేడి మీద కొలిస్తే అబద్ధం చెబుతుంది."

ఈ మాట జనరల్ మేనేజరు తన డైరీలో రాసుకున్నాడు. అది తమ మూడో అధ్యాయంలో ఉందన్నారు గైడుగారు. జనరల్ మేనేజరు పేజీలు తిరగేసి లేదే అంటే, ఎక్కించబోతున్నామన్నారు.

టీ అయింది. ముల్లు కదల్లేదు.

"శభాష్!" అని జనరల్ మేనేజరు సూపర్‌వైజరు వీపు మీద చరిచాడు. "ఇలాంటి బుర్ర కోసమే మూడేళ్ళుగా చూస్తున్నాను. రేపటి నుంచి నువ్వే డిప్యూటీ మేనేజరువి. ఫ్యాక్టరీ అంతా నీ పద్ధతిలోనే నడవాలి." సూపర్‌వైజరుకు ఆ పద్ధతి తనది కాదని తెలుసు. అయినా, సిగ్గు లేకుండా, ఛాతీ ఓ అంగుళం పొంగింది కూడా. జనరల్ మేనేజరు సంతకానికి పెన్ను తీస్తూ, మర్యాద కోసం పెద్దాయన్ని పలకరించాడు. "చెయ్యి బాగుందయ్యా. ఇదివరకు ఎక్కడ చేశావు?"

"మీ దగ్గరే సార్. నలభై ఏళ్ళు. మీరే కదా గడియారం ఇచ్చి పంపించారు."

"ఓహో... గడియారం బాగా నడుస్తోందా?"

"రోజుకు పది నిమిషాలు వెనక సార్. పొద్దున్నే సరిచేస్తుంటాను. వంకర కంటబడితే నా చెయ్యి ఊరుకోదు. మా అల్లుడుగారి షాఫ్టు కూడా అందుకే..." అని ఆయన నాలిక్కరుచుకున్నారు.

పెన్ను గాల్లో ఆగింది. గైడుగారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఇప్పటికీ ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. కానీ మామగారి మొహం చూస్తే సూపర్‌వైజరుకు అల్లబుద్ధి కాలేదు. తప్పు చేసినవాడిలా నిలబడింది ఆయన. అయిదేళ్ళు "మీకు తెలీదులెండి" అన్నది తను.

"నాది పద్దెనిమిదేనండీ" అన్నాడు. "ఆ సున్నా ఆయనది. ఇదీ ఆయనదే."

జనరల్ మేనేజరు లోపల లెక్క వేసుకున్నాడు. ఫెయిల్ చేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే, ఇంత పనివాణ్ణి ఇంటికి పంపిన పెద్దమనిషి ఎవరని పైవాళ్ళు అడుగుతారు. "పద్దెనిమిది అని రాశాడు, పద్దెనిమిదే అని ఒప్పుకున్నాడు. థీసిస్‌లో తప్పేముంది?" అని సంతకం గిలికేశాడు. ఆ తర్వాత మామగారి వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి, "మీరు" అన్నాడు. "మీరు రేపే వచ్చెయ్యాలి."

"వస్తాను సార్. కానీ ఒక షరతు. అల్లుడుగారు నా దగ్గర పని నేర్చుకోవాలి. నా లేత్ దగ్గరికి ఎవరొచ్చినా, మొదటి ఆరు నెలలు మిషను చుట్టూ ఊడవడమే. ఎంత చదువుకున్నా సరే."

ఇప్పుడు సూపర్‌వైజరుకు అద్దాల తలుపు అవతల గదీ, డిగ్రీతో సహా పేరు చెక్కిన పలకా ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి కాలు మీద కాలేసుకోబోతే, "ముందు ఆ ప్యాంటుకున్న ఇనప తురుము దులుపుకుని కూర్చోండి" అంటుంది భార్య. ఆఫీసులో మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. ఉదయం తొమ్మిది నుంచి పది దాకా ఎవరొచ్చి అడిగినా, డిప్యూటీ మేనేజరుగారు ముఖ్యమైన మీటింగులో ఉన్నారని గుమాస్తా చెబుతాడు.