కుంగిన బండి, కలిసిన కుటుంబం

మీ కుటుంబంలో ఐకమత్యం లేదా? అన్నదమ్ములు ముఖాలు చూసుకోవడం లేదా? వదినా మరదళ్లు ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం లేదా? కంగారు పడకండి. ఒక పికప్ ట్రక్కు కొనండి. దాని వెనక బరువైన ట్రైలర్ ఒకటి తగిలించండి. బండి వెనక భాగం కుంగి, నేలకు ఆనేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత "వెనక సస్పెన్షన్ స్ప్రింగులు మార్పిద్దామనుకుంటున్నాను, ఏది మంచిదంటారు?" అని ఎవరో ఒకరి చెవిన వేయండి. చాలు! సాయంత్రానికల్లా చుట్టాలంతా మీ వాకిట్లో ఉంటారు. పెళ్లికి పిలిచినా రానివాళ్లు కూడా ఉంటారు!

నమ్మబుద్ధి కావడం లేదా? అయితే గుర్రాల బాబాయ్ సంగతి వినండి.

ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. గుర్రాలున్న మాట నిజమే గానీ అవి గడ్డి తినవు. చెక్క గుర్రాలు. బాబాయ్‌ది మడతపెట్టే రంగులరాట్నం. దాన్ని ట్రైలర్‌లో సర్ది, పికప్‌కు తగిలించి, బడి మైదానాలకూ పుట్టినరోజు వేడుకలకూ లాక్కెళ్లి, అక్కడ విప్పి, బిగించి, పిల్లల్ని ఎక్కించి తిప్పుతాడు. గుర్రాలకు రంగులు కూడా తనే వేస్తాడు. అద్దం ఎదురుగా పెట్టుకుని వేస్తాడో ఏమో, అన్నిటికీ బాబాయ్ ముక్కే వచ్చింది.

మనిషి బంగారం. ఒకటే లోపం. 'కుదరదు' అనే మాట ఆయన నోట పలకదు. గొంతుదాకా వస్తుంది. అక్కడ ఏం జరుగుతుందో తెలియదు, పెదాల దగ్గరికి వచ్చేసరికి 'సరేలే' అయిపోతుంది.

ఈ సంగతి చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ తెలుసు. అందుకే బాబాయ్ తాళాల చప్పుడు వినిపిస్తే చాలు, ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చేవారు. "ఎలాగూ అటే వెళ్తున్నావుగా!" అనేవారు. ఎటు వెళ్తున్నాడో ఎవరూ అడిగేవారు కాదు. ప్రతి మనిషీ ఎటో ఒకవైపు వెళ్తూనే ఉంటాడు కదా!

అలా బండి తొట్టిలోకి ఎదురింటి లెక్కల మాస్టారి పాత పుస్తకాల పెట్టెలు ఎక్కాయి. ఏదో లైబ్రరీకి ఇచ్చి రావాలి. ఆ లైబ్రరీవాళ్లు వద్దన్నారు. బావమరిది ఇనప డంబెల్స్ ఎక్కాయి. ఒక స్నేహితుడికి అందజేయాలి. ఆ స్నేహితుడు వాటిని చూసి తలుపు తీయడం మానేశాడు. పిన్ని వాళ్లక్క బట్టలుతికే మిషన్ ఎక్కింది. రిపేరు చేసేవాడు ఊళ్లో లేడు. ఇవేవీ దిగలేదు. రంగులరాట్నంతోపాటు అవీ ఊరంతా తిరుగుతూ ఉండేవి.

వెనక తగిలించిన ట్రైలర్ మూతి బరువు, తొట్టిలో చుట్టాల బరువు. పాపం, బండి మాత్రం ఏం చేస్తుంది? వెనక్కి చతికిలబడి, ముందుభాగం ఎత్తేసి, ఆకాశంలో ఎవరినో పలకరిస్తున్నట్టు ఉండేది. పొద్దుగూకి లైట్లు వేస్తే రోడ్డు తప్ప అన్నీ కనిపించేవి. మేడమీది బాల్కనీలో గొడవపడుతున్న మొగుడూ పెళ్లాలు ఒక్కసారిగా వెలుగు పడేసరికి, ఎవరో వీడియో తీస్తున్నారనుకుని నవ్వుతూ చేతులు ఊపారు. చెప్పండి, ఇంతకన్నా సమాజ సేవ ఏముంటుంది?

ఒకరోజు వంతెన ఎక్కుతుంటే స్టీరింగ్ తేలిపోయింది. బాబాయ్ కుడికి తిప్పాడు. బండి 'చూద్దాంలే' అన్నట్టు తిన్నగానే పోయింది. ముందు చక్రాలు నేలమీద ఆనీ ఆనకుండా ఉన్నాయి. చెమటలు కక్కుతూ, నత్తలా పాకించి, ఎలాగో వంతెన దిగాడు. దిగువన ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఏం బాబాయ్, టేకాఫ్ ఎప్పుడు?"

"ఊరుకోవయ్యా, నా గుండెలు జారిపోయాయి ఇక్కడ."

"జారేది గుండెలే అయితే పర్లేదు. ముందు దీని వెనక సంగతి చూడు. లేకపోతే ఈసారి బండి సీజ్ చేస్తా."

అప్పుడు బాబాయ్ సస్పెన్షన్ మార్పించాలని తీర్మానించుకున్నాడు. ఇంటికొచ్చి పిన్నితో చెప్పాడు. పక్కగదిలో ఉన్న బావమరిది విన్నాడు. ఇక చూడండి ఐకమత్యం!

కుర్చీలు సరిపోలేదు. మాస్టారు తన కుర్చీ తనే తెచ్చుకున్నారు. బాబాయ్ అన్నయ్య, వదిన ఊరికి ఆ చివర నుంచి వచ్చారు. టీలు పెట్టలేక పిన్ని నడుము పడిపోయింది.

"కమాన్ పట్టీలు ఎక్కించవోయ్," అన్నారు మాస్టారు. "ఉన్న కట్టకు ఇంకో రెండు ఇనప పట్టీలు చేర్చావంటే, దెబ్బకు సెట్టవుతుంది. దేనికైనా గట్టిదనం ఉండాలి. మా క్లాసులో ఎవడైనా కుంగాడా?"

"ఏ కాలంలో ఉన్నారు మాస్టారూ!" అన్నాడు బావమరిది. వాడు పొద్దుటి నుంచి ఫోన్లో వీడియోలు చూస్తూనే ఉన్నాడు. "ఇప్పుడంతా ఎయిర్ స్ప్రింగులు. రబ్బరు తిత్తులు బావా, లోపల గాలి. బరువుంటే గాలి నింపు, లేకపోతే తీసెయ్. సీట్లో కూర్చుని మీట నొక్కడమే!"

"షాకబ్జర్లు మారిస్తే సరిపోదట్రా?" అన్నాడు అన్నయ్య. ఆయనకు బండి లేదు, నడపడం కూడా రాదు. అయినా అభిప్రాయం ఉండకూడదా?

"షాకబ్జర్లు ఊగుడు ఆపుతాయి పెద్దబావా, బరువు మొయ్యవు," అన్నాడు బావమరిది.

"అయితే రెండేసి పెట్టించండి!"

పిన్ని టీ గ్లాసులు అందిస్తూ, "ఆ తొట్టిలో సామాన్లు దించేస్తే పోదూ?" అంది.

 ఎవరి సామాను వాళ్లకు గుర్తొచ్చింది.

"దించి ఎక్కడ పెడతామమ్మా!" అన్నారు మాస్టారు, ఎంతో జాలిగా.

"అవునులే," అంది పిన్ని. "మా అక్క మిషన్ కూడా ఉంది."

ఆ మాట అక్కడితో ముగిసింది. సభ మళ్లీ స్ప్రింగుల్లో పడింది.

పెద్దవారి మాట తీసేయలేక బాబాయ్ ముందు కమాన్ పట్టీలే వేయించాడు. కుంగుడు కొంత తగ్గింది. కానీ ట్రైలర్ విప్పేసి నడిపితే ఆ బండి, రోడ్డు మీద చీమ అడ్డొచ్చినా ఎగిరేది! బావమరిది పక్కన కూర్చుని ఎయిర్ స్ప్రింగుల గొప్పతనం వివరిస్తుండగా గతుకు వచ్చింది. నాలుక కొరుక్కున్నాడు. సాయంత్రం దాకా ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. పిన్ని ఆ పట్టీలను అలాగే ఉంచేద్దామంది.

కానీ బాబాయ్ వెన్ను ఒప్పుకోలేదు. మళ్లీ మెకానిక్ షెడ్డుకు వెళ్లి, పట్టీలు తీయించి, ఎయిర్ స్ప్రింగులు బిగించమన్నాడు. మెకానిక్ పని ముగించి, చేతులు తుడుచుకుంటూ ఒక్క మాట చెప్పాడు.

"బాబాయ్, ఇది బండిని సమంగా నిలబెడుతుంది. అంతే. మోసే బరువు పెరిగిందనుకోవద్దు. బ్రేకులు పాతవే, టైర్లు పాతవే, ఇరుసు పాతదే."

"తెలుసులేవోయ్," అన్నాడు బాబాయ్. నిజంగానే తెలుసు. కానీ తెలియాల్సింది ఆయనకు కాదు కదా!

మర్నాడు వాకిట్లో బండి నిలబడిన తీరు చూడాలి! వెనక ట్రైలర్, తొట్టినిండా సామాను, అయినా నీళ్ల గ్లాసు పెడితే తొణకనంత సమంగా ఉంది. చుట్టాలు చుట్టూ చేరి నిమిరారు. కొందరి కళ్లు చెమర్చాయి. ఆ చెమర్చిన కళ్లతోనే ఇళ్లకు వెళ్లి సామాన్లు తెచ్చారు.

"ఇంక దీనికి తిరుగులేదు బావా!" అంటూ బావమరిది వెయిట్‌లిఫ్టింగ్ బల్ల ఎక్కించాడు. మాస్టారు మిగిలిన పుస్తకాలతోపాటు వాటి బీరువా కూడా ఎక్కించారు. ఎవరిదో స్నానాల తొట్టి ఎక్కింది. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. బాబాయ్ గాలి నింపుతూనే ఉన్నాడు. బండి సమంగా నిలబడుతూనే ఉంది. 'సరేలే, సరేలే' అంటూ ఆయనా నిలబడ్డాడు.

ఆ వారమే, బడి దగ్గర సిగ్నల్ పడింది. బాబాయ్ బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. వెనక గుర్రాలూ పుస్తకాలూ బీరువా అన్నీ కలిసి ముందుకు తోశాయి. బండి గీత దాటి, జారి జారి, అవతల మొక్కలమ్మే ఆవిడ తోపుడుబండికి ఆని నిలిచింది. ఒక కుండీ పగిలి, గులాబీ మొక్క బానెట్ మీద పడింది.

"మొక్క కావాలంటే దిగి అడగొచ్చుగా నాయనా!" అంది ఆవిడ.

బాబాయ్‌కి నవ్వు రాలేదు. అప్పుడే ఆ గీత మీదుగా బడిపిల్లలు కొందరు దాటి వెళ్లారు. వాళ్లలో ఒక పాప వెనక్కి తిరిగి, "గుర్రాల బాబాయ్!" అని కేకేసి చెయ్యి ఊపింది. ఆ పాప దాటిన గీత వైపూ, తన బండి వైపూ ఆయన చూసుకున్నాడు. దిగి, కుండీ పెంకులన్నీ తనే ఏరి, ఆ మొక్క కొనుక్కుని, నడిచే వేగంతో తిన్నగా షెడ్డుకు పోనిచ్చాడు.

"నేను ముందే చెప్పానుగా!" అన్నాడు మెకానిక్.

"చెప్పావు. వాళ్లకెవరు చెప్తారు?"

"మీరే చెప్పాలి."

"అదే కదా నా చావు!"

 బ్రేకులు కొత్తవి వేయమన్నాడు బాబాయ్. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "గాలి తీసే మీట ఉంది చూడు, దాన్ని సీటు కింద, ఎవరికీ కనపడకుండా పెట్టగలవా?"

మెకానిక్ ఆయన వంక అదోలా చూశాడు. తర్వాత నవ్వాడు.

ఆదివారం పొద్దున వదిన ఫోన్ చేసింది. ఇంటికి రంగులు వేయిస్తున్నారట. సోఫా సెట్టు గోడౌన్‌లో పెట్టాలట. ఎలాగూ అటే వెళ్తున్నాడుగా! బాబాయ్ ట్రైలర్‌తో సహా వెళ్లి వాళ్ల గుమ్మం ముందు ఆపాడు. పక్కసీట్లో పిన్ని ఉంది. సోఫా మొయ్యడానికి బావమరిదీ, ఎత్తడం ఎలాగో చెప్పడానికి మాస్టారూ వచ్చారు.

"బండి భలే ఉంది మరిదీ," అంది వదిన. "సోఫాతోపాటు డైనింగ్ టేబుల్ కూడా పెట్టేయనా?"

"సరేలే వదినా," అన్నాడు బాబాయ్. అంటూనే చెయ్యి సీటు కిందికి పోనిచ్చాడు.

సోఫా కాళ్లు తొట్టి అంచున ఆనాయో లేదో, 'హిస్స్‌స్‌స్' మంటూ పెద్ద నిట్టూర్పు వినిపించింది. బండి మెల్లమెల్లగా, ముసలమ్మ మోకాళ్ల మీద చేతులు వేసి కూలబడ్డట్టు, వెనక్కి కూర్చుంది. ముందుభాగం పైకి లేచింది.

"అయ్యయ్యో!" అంది వదిన. "దించండి, దించండి! పాపం, దానికి కుదరడం లేదు!"

"పాపం" అన్న మాట ఎంత బలమైనదో అప్పుడు చూడాలి మీరు! సోఫా దిగింది. బావమరిది మనసు కరిగి డంబెల్స్, బల్ల రెండూ దించేశాడు. మాస్టారు రుమాలుతో కళ్లజోడు తుడుచుకుని, "నా పుస్తకాలు, బీరువా కూడా దించెయ్యండి. నోరులేని బండిని ఇంత కష్టపెడతామా?" అన్నారు. పిన్ని వాళ్లక్క మిషన్ దిగింది. స్నానాల తొట్టి దిగింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు గానీ, దిగింది. అన్నయ్య వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, "రెస్ట్ ఇవ్వరా దీనికి," అన్నాడు. ఇన్నాళ్లుగా ఇవన్నీ ఎత్తి దించి నడుం పట్టేసిన బాబాయ్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన్ని తప్పుకోమన్నారు, బండికి గాలాడాలని.

తిరుగు దారిలో బండి హాయిగా, తేలిగ్గా నడిచింది. బాబాయ్ ఈల కూడా వేశాడు. పిన్ని ఆయన వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ మీట నేను చూశాను."

ఈల ఆగిపోయింది.

"నాకు అలాంటిది ఇంకొకటి కావాలి," అంది పిన్ని.

"నీకెందుకే?"

"ఎందుకా? రంగుల పని అయ్యేదాకా మీ అన్నయ్యా వదినా పిల్లలతో సహా మనింట్లోనే ఉంటారట. రేపే వస్తారట. వదిన చెప్పింది. మీరు సరేలే అన్నారట!"

బాబాయ్ బండి పక్కకు తీసి ఆపాడు. పిన్ని ముఖం చూశాడు. కళ్లకింద నల్లటి వలయాలు, నుదుటికి అంటుకున్న జుట్టు. ఈవిడ ఎప్పటి నుంచి ఇలా ఉందో ఆయన గమనించనే లేదు. ఫోన్ తీసి అన్నయ్యకు కలిపాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. పిన్ని చూస్తూనే ఉంది.

"అన్నయ్యా... రేపు మా ఇంటికి రావడం... కుదరదు."

అన్నాడు! జీవితంలో మొదటిసారి అన్నాడు!

 అవతలి నుంచి అన్నయ్య గొంతు, నిజంగానే కంగారుగా వచ్చింది:

"అయ్యో! మళ్లీ బండికేమైందిరా?"