అద్దె మోసిన స్టూలు

సోమవారం పొద్దున కుర్చీల బాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తాళం తీయాలి, ఏ వస్తువు నష్టం తెస్తోందో లెక్కల్లో పట్టుకోవాలి, దాన్ని ఎత్తేయాలి, టీ తాగాలి. టీ చల్లారకముందే కొట్టు లాభాల్లో పడాలి. ఇంత సులువైన పని ఇన్నేళ్లూ ఎందుకు చెయ్యలేదా అని అతనికి తన మీద తనకే జాలేసింది కూడా.

ఈ ధైర్యమంతా శనివారంతో ముగిసిన మూడురోజుల క్లాసు పుణ్యం. లెక్కలు చూసి వ్యాపారంలో నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నేర్పే క్లాసు అది. మొదటి రెండు రోజులూ బాబు బుద్ధిగా విన్నాడు. మూడోరోజు భోజనం బ్రహ్మాండంగా కుదరడంతో మధ్యాహ్నం పాఠమంతా కళ్లు తెరుచుకునే నిద్రపోయాడు. కొట్టు అద్దెనీ జీతాల్నీ వస్తువులన్నిటి మీదా ఎలా పంచాలో రెండోరోజు చెప్పారు. ఆ పంపకాన్ని ఎక్కడ నమ్మకూడదో మూడోరోజు మధ్యాహ్నం చెప్పారు.

అతన్ని ఆ క్లాసుకు తరిమింది అక్క. సొంతంగా స్కూలు నడిపే మనిషి, కొట్టు పెట్టుబడిలో సగం ఆవిడదే. ఎదురుగా ఇంకో కుర్చీల కొట్టు వెలిసిన దగ్గర్నుంచీ బాబుకి నెలనెలా ఎంతో కొంత నష్టం వస్తోంది. అది చూసి చూసి అక్కకి ఓపిక అయిపోయింది.

"ఒరే తమ్ముడూ, ఈ నెలాఖరుకి నష్టం లేదని లెక్క చూపించు. చూపించావా, కొట్టు నీది. లేదా, తాళం నాది. తర్వాత నా మొహం చూసి ఏడిస్తే లాభం లేదు," అని తేల్చేసింది.

అక్క మాటంటే మాటే. బాబుకేమో ఇంకో పని రాదు. చెక్కపొట్టు వాసనలో పెరిగిన మనిషి. చిత్రిక పట్టిన బల్ల మీద అరచెయ్యి ఆన్చితే కలిగే సంతోషం అతనికి మరెక్కడా దొరకలేదు. కొట్టు మూతపడుతుందన్న ఆలోచన వస్తే చాలు, లేచి వెళ్లి తుడిచిన బల్లే మళ్లీ తుడిచేవాడు.

అందుకే ఆ సోమవారం గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గుమాస్తా ఏ విషయంలోనూ సొంత అభిప్రాయం పెట్టుకునే రకం కాదు. ఇంట్లో పెళ్లాం, కొట్లో బాబు, ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు చేసి హాయిగా బతుకుతున్నాడు.

"మనం అమ్మేవేంటి? స్టూళ్లు, కుర్చీలు, బల్లలు, మంచాలు, బీరువాలు. ఐదు రకాలు. ఖర్చంతా ఐదు వాటాలు చేసి తలా ఒకటి తగిలించు."

గుమాస్తా తగిలించాడు. బీరువా తన వాటా అవలీలగా మోసింది. మంచం మోసింది. బల్లా, కుర్చీ ఆయాసపడుతూ మోశాయి. స్టూలు మాత్రం చతికిలబడింది.

"దొరికింది దొంగ!" అని బాబు గంతేశాడు. "ఇన్నాళ్లూ నా కొట్లో నా కిందే కూర్చుని నన్ను ముంచింది ఇదన్నమాట. ఇవాళే తీసెయ్."

వెనక షెడ్డులోంచి మేస్త్రి రంపం పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "స్టూళ్లేం చేశాయి బాబూ? రోజూ అమ్ముడుపోయేవి అవేగా?"

"రోజూ నష్టం తెచ్చేవీ అవే మేస్త్రీ. నీకు తెలీదు, క్లాసులో చెప్పారు."

స్టూళ్లన్నీ సగం ధరకి ఎదురుకొట్టువాడు పట్టుకుపోయాడు. వాడి మొహంలో ఆనందం చూసి బాబుకి నవ్వొచ్చింది. నష్టాన్ని కొనుక్కుని మురిసిపోతున్నాడు వెర్రివాడు అనుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు లెక్క మళ్లీ వేస్తే ఖర్చు నాలుగు వాటాలే అయింది. స్టూలు మోయలేకపోయినా తన శక్తి కొద్దీ మోసిన ముక్క కూడా మిగతా నాలుగింటి మీద పడింది. నిన్నటిదాకా ఆయాసపడిన కుర్చీ ఈసారి బోర్లా పడింది.

"అయ్యగారూ, కుర్చీకీ నష్టమేనండీ," అన్నాడు గుమాస్తా.

"చూశావా! స్టూలు పక్కన చేరి ఇదీ చెడిపోయింది. తీసెయ్."

"బాబూ, మిమ్మల్ని ఊరంతా కుర్చీల బాబంటారు!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు.

"పేరుదేముంది మేస్త్రీ, అద్దె కడుతుందా?"

బుధవారం ఓ పెద్దాయన పెళ్లాం పిల్లలతో భోజనాల బల్ల కొనడానికొచ్చాడు. బల్ల చూశాడు, నచ్చింది. చుట్టూ చూశాడు.

"మరి కుర్చీలేవండీ?"

"కుర్చీలు నష్టమండీ. ఎత్తేశాం."

"అయితే మేం ఎక్కడ కూర్చుని తినాలి?"

"అది మీ ఇష్టమండీ. నిలబడి తింటే బాగా అరుగుతుందంటారు."

పెద్దాయన ఇతన్ని ఎగాదిగా చూసి, పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు. ఎదురుకొట్లో బల్లా కుర్చీలూ అన్నీ కొన్నాడు. కుర్చీలు నిన్న బాబు సగం ధరకి వదిలించుకున్నవే. బల్ల మాత్రం ఎదురుకొట్టువాడిది. ఆ రోజు బాబు బల్ల ఒక్కటీ కదల్లేదు. సాయంత్రం లెక్కలో బల్ల కూడా నష్టాల్లోకి వచ్చింది. దాన్నీ ఎత్తేశారు.

మిగిలిన రెండింటి మీద చెరి సగం పడేసరికి మంచం విరిగింది. మంచం పోయాక బీరువా ఒంటరిగా నిలబడి కొట్టు అద్దె, మేస్త్రి జీతం, గుమాస్తా జీతం, కరెంటు బిల్లు, రోజుకి నాలుగుసార్లు తాగే టీ, అన్నీ నెత్తిన పెట్టుకుంది. బీరువా ఎంత గట్టిదైనా అదీ చెక్కేగా. శుక్రవారానికి ఎదురుకొట్టువాడు నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ వచ్చి ఆఖరి బీరువా మోయించుకుపోయాడు.

కొట్టు ఊడ్చినట్టయింది. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. తెల్లారితే శనివారం, నెలాఖరు. బాబు చేతులు నులుముకుంటూ గుమాస్తాని అడిగాడు.

"చెప్పు. ఇప్పుడు నష్టం తెచ్చే వస్తువేదైనా ఉందా?"

"ఒక్కటీ లేదండీ."

"అమ్మయ్య! అయితే నష్టం లేదన్నమాట."

"నష్టం ఉందండీ. వస్తువే లేదు."

"అదెలా కుదురుతుందయ్యా?"

"నాకేం తెలుసండీ? అద్దె ఉంది, జీతాలున్నాయి, కరెంటు బిల్లుంది. వేద్దామంటే కిందేమీ లేదు. గాల్లో ఉంది."

బాబు ఖాళీ కొట్టు మధ్యలో నేల మీద కూలబడ్డాడు. అప్పటికి వెలిగింది. స్టూలు ఉన్నా లేకపోయినా అద్దె అద్దే. ఐదుగురు కలిసి పల్లకీ మోస్తుంటే, తక్కువ మోస్తున్నావని ఒక్కొక్కణ్ణీ పంపేసి, చివరికి పల్లకీ తన నెత్తినే వేసుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. మేస్త్రి మాట విననందుకు సిగ్గేసింది. రేపు అక్క వస్తే ఏం చెప్పాలి? ఏముంది, తప్పు నాదే, తాళం వేసెయ్యమని చెప్పాలి.

ఇతను ఇలా కుమిలిపోతుంటే గుమాస్తా మాత్రం తన పని మానలేదు. ఖర్చు ఏదో ఒక వస్తువు మీద వెయ్యాలని అయ్యగారు సోమవారం చెప్పారు, వద్దని ఇంతవరకూ చెప్పలేదు. వెతగ్గా వెతగ్గా షెడ్డు మూల మేస్త్రి రంగులు వేసేటప్పుడు ఎక్కే స్టూలు కనిపించింది. ఎదురుకొట్టువాడు కూడా వద్దన్న సరుకు. ఒళ్లంతా రంగు మరకలు, ఒక కాలు పొట్టి. దాన్ని తెచ్చి దీపం కింద పెట్టి, నెలలో ఇంకా పూడని ఖర్చంతా అణా పైసలతో సహా కూడి, ఆ అంకె అట్టముక్క మీద రాసి తగిలించాడు.

శనివారం పదింటికి కొట్టు ముందు ఓ పొడుగాటి కారు ఆగింది. నల్ల కళ్లద్దాలావిడ దిగింది. డబ్బున్నవాళ్ల ఇళ్లు అలంకరించడం ఆవిడ వృత్తి. అంత పెద్ద హాల్లో ఒకే ఒక్క వస్తువు, దాని మీద దీపం, పక్కన తలవంచుకుని నిలబడ్డ మనిషి. ఆవిడ గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"ఒక్కటే ఉందా?"

"ఒక్కటే మిగిలిందండీ," అన్నాడు బాబు నీరసంగా.

ఆవిడ ధర చూసింది. బాబు కూడా అప్పుడే చూశాడు. గుమాస్తా వైపు కళ్లెర్రజేశాడు. గుమాస్తా మెప్పనుకుని తల ఊపాడు.

"ఇంత ఎందుకండీ?"

అబద్ధం ఆడే ఓపిక బాబుకి లేదు. "ఇందులో ఈ కొట్టు అద్దె ఉందండీ. మేస్త్రి జీతం ఉంది. మేం తాగిన టీ ఉంది. అన్నీ దీని మీదే పడ్డాయి."

"అంటే మీ జీవితమంతా ఇందులో ఉందన్నమాట!"

"లేదండీ. ఒక నెలదే."

ఆవిడ కళ్లద్దాలు తీసింది. కళ్లు చెమర్చాయి. "ఈ రంగులు ఎవరు వేశారు?"

"వెయ్యలేదమ్మా, పడ్డాయి," అన్నాడు మేస్త్రి.

"అదే అంటున్నాను," అంటూ ఆవిడ మెల్లగా కూర్చుంది. పొట్టికాలు వల్ల స్టూలు అటూ ఇటూ ఊగింది. "అయ్యో, దీనికి ప్రాణం ఉంది!"

"ఒక కాలు పొట్టండీ, పొరపాటున..." అని బాబు చెప్పబోయాడు.

"పొరపాట్లు దిద్దకండి, మీకు పుణ్యముంటుంది," అని ఆవిడ బేరం ఆడకుండా డబ్బిచ్చి, స్టూలుని పసిపిల్లలా ఎత్తుకుని కారెక్కింది.

మధ్యాహ్నం అక్క వచ్చింది. చేతిలో గుమ్మడికాయంత తాళం. ఖాళీ కొట్టు చూసి పళ్లు నూరింది. గుమాస్తా చేతిలో లెక్క లాక్కుని చదివింది. మళ్లీ చదివింది. నష్టం సున్నా. లాభమూ సున్నాయే, కానీ ఆవిడ అడిగింది నష్టం లేకపోవడం.

"ఒక్క స్టూలు మీద నెల ఖర్చంతా రాబట్టావా?"

"అక్కా, అది కాదక్కా. నేను చేసింది శుద్ధ తప్పు. గుడ్డిగా తగిలింది. అన్నీ తీసేసుకుంటూ పోకూడదక్కా, మళ్లీ స్టూళ్లూ కుర్చీలూ అన్నీ చేయించాలి..."

"ఇంత సాధించి కూడా తప్పంటాడు చూడు! వినయం కూడా నేర్పారట్రా ఆ క్లాసులో?" అక్క తాళం పక్కన పెట్టేసింది. "నువ్వు పనికిరావనుకున్నానురా తమ్ముడూ. నన్ను క్షమించు."

పుట్టి బుద్ధెరిగాక అక్క అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు. బాబు నిజం చెప్పడానికి ఇంకోసారి నోరు తెరిచాడు. అక్క అతని తల నిమురుతోంది. నోరు మూసుకున్నాడు. కొట్టు దక్కింది చాలు, నిజం రేపు చెప్పొచ్చు అనుకున్నాడు.

అక్క వెళ్లగానే మేస్త్రితో ఐదు రకాలూ మళ్లీ మొదలుపెట్టించాడు. ఆదివారమంతా షెడ్డులో ఉలి మోత ఆగలేదు. సోమవారం పొద్దున ధైర్యం కూడగట్టుకుని అక్కకి ఫోన్ చేశాడు.

"తర్వాత మాట్లాడతాన్రా, పనిలో ఉన్నాను," అంది అక్క. "నీ పద్ధతిలో స్కూలు లెక్కలు తీయించాను. ఒకటో తరగతికి నష్టం వస్తోంది, ఇవాళే ఎత్తేశాను."