ఆదర్శ హమాలీల ఫ్లెక్సీ

కిందటేడు నవంబరు పద్దెనిమిదిని ఆ వడ్ల మార్కెట్లో ఎవరూ మరచిపోలేదు. ఆ మధ్యాహ్నం హమాలీలందరికీ బగారా అన్నం, కోడికూర పెట్టారు. లెగ్ పీసులు మాత్రం వేదిక మీదికి వెళ్లాయి.

తిన్న చేయి ఆరకముందే కమిటీ చైర్మన్ గోపీకృష్ణ గారు మైకు అందుకున్నారు.

"సుఖరోగాలు లేని తొలి మార్కెట్ మనదే కావాలె! గీ రోగాలు మనయి గావు. బయటికెల్లి పనికొచ్చినోళ్లే మోసుకొస్తున్నరు. అయినా మాది పెద్ద మనసు. పరీక్షలు, సూదులు అన్నీ ఫ్రీ!"

చప్పట్లు కొట్టిన బయటివాళ్లలో పరమేష్ ఒకడు. బస్తాలు మోయడానికి పాలమూరు నుంచి వచ్చాడు. కొన్నాళ్లుగా చెప్పుకోలేని చోట పుండు. కడుపుతో ఉన్న భార్య మల్లిక మర్నాడు పొద్దున బస్సుకు వస్తోంది. సూది ఫ్రీ అనగానే అందరికంటే అతని చప్పట్లే గట్టిగా మోగాయి.

అంతలో చైర్మన్ గారి పెద్ద మనసు ఇంకాస్త పెద్దదైంది.

"పరీక్షకొచ్చిన ప్రతి హమాలీకి శాలువ! పేరు, ఊరు, ఫొటోతోని గేటు కాడ ఫ్లెక్సీ!"

ఫ్లెక్సీ అప్పటికే కట్టేశారు. 'సుఖరోగ పరీక్షకు ముందుకొచ్చిన ఆదర్శ హమాలీలు' అని పైన. మధ్యలో దండం పెడుతూ నిలువెత్తు చైర్మన్ గారు. చుట్టూ ఆదర్శమూర్తుల ఫొటోల కోసం ఖాళీ గుండ్రాలు.

పరీక్షల టెంటులో మిగిలింది నర్సు నాగరాణి, మందుల డబ్బా. ఒక్క హమాలీ అటు పోలేదు.

"పోరాదుర పరమేషు, శాలువ వస్తది," అన్నాడు ముఠా మేస్త్రి గుర్వయ్య.

"నువ్వే కప్పుకో కాకా. మా మామ గూడ గా గేట్లకెల్లే పనికొస్తడు."

పేపరువాళ్లు వచ్చే వేళైంది. ఖాళీ గుండ్రాలు చైర్మన్ గారికి నచ్చలేదు. కార్యకర్తలకు హమాలీల ఎర్ర అంగీలు తొడిగించి వరసలో నిలబెట్టారు.

"అన్నా, నాకు పెండ్లిచూపులున్నయే!" అని వాళ్లలో ఒకడైన నాగరాజు ఏడుపు మొహం పెట్టాడు.

"పార్టీకి పానమిస్త అన్నవ్ గదరా. నెత్తురు చుక్కకే గింత జేస్తున్నవ్!" అని కసిరారు చైర్మన్ గారు.

ఫొటో కోసం ముందుగా తన వేలే చాపారు చైర్మన్ గారు. కాసేపటికి నాగరాణి ఆయన పరీక్ష పట్టీ చూసి, "సార్, జర మీతోని..." అంది.

"ఫలితాలు తర్వాతమ్మా. ముందు ప్రకటన."

ఫలితాల కోసం ఆగేవాడు నాయకుడెలా అవుతాడు? "మన మార్కెట్ల రోగం సున్నా!" అని ప్రకటించేశారు. రోగమే లేనిచోట మందులు దండగని, డబ్బాను ఆ సాయంత్రమే జిల్లాకు వాపసు పంపమన్నారు.

డబ్బా పోయేలోపే అనుకున్నాడు పరమేష్. పొద్దు వాలుతుండగా, నాగరాణి సామాన్లు సర్దుతున్న గోదాం గది వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా..." అన్నాడు.

"లోపలికి రా తమ్మీ. పేరు చెప్పకు. ఏ మందులన్న నీ ఒంటికి పడయా, గది చెప్పు చాలు."

పరీక్ష చేసింది. సూది ఇచ్చింది. కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించింది. మల్లిక సంగతి విని, డబ్బాలోంచి ఇంకో మందు సీసా తీసి తన సంచిలో పెట్టుకుంది.

"రేపు ఆమెను దవాఖానకు తోల్కరా, నేనుంట. ఆమెకూ పరీక్ష జెయ్యాలె. నయమయ్యేదాంక దూరముండు. బిడ్డ గురించి ఫికర్ జెయ్యకు."

తేలికపడి బయటికొస్తే గుమ్మంలో, మొహానికి పార్టీ కండువా చుట్టుకున్న మనిషి.

"తమ్మీ, నన్ను జూసినట్టు ఎవ్వలకు చెప్పకు." పొద్దంతా మైకులో విన్న గొంతే.

"చెప్ప సారూ. మీరు గేటు కాడ ఫ్లెక్సీల ఉండనే ఉన్నరు గద."

నాగరాణి తొంగిచూసింది.

"లోపలికి రాండ్రి సార్," అంది. "పేరు చెప్పకుండ్రి."

ఆయన లోపలికి వెళ్లాక చప్పుడు కాకుండా తలుపు మూసింది.