పానకాలు దించిన సెట్టింగుల ఫైలు

ఒక పెద్ద అడవిలో వానాకాలానికి ముందు సింహంగారు ఉత్తర్వు వేశారు. ఇకమీదట గుహ అయినా బొరియ అయినా కంప్యూటర్లో ఎవరి పేరుంటే వాళ్ళదే. పేరు లేనివాళ్ళు అడవి ఖాళీ చేయాలి.

ఆ పని నక్క పానకాలుకి అప్పగించారు. వాడికి జావా కాస్త వచ్చు. జావా ప్రోగ్రాములో వివరాలను డేటాబేసులో భద్రపరచడానికి జేపీఏ అనే ప్రామాణిక పద్ధతి ఉందని విని, కొత్తవాళ్ళ కోసం రాసిన పాఠం తెచ్చుకున్నాడు. బొరియ వివరాలేమిటో చెప్పే క్లాసు ఒకటి రాయాలి, ఒక్కో బొరియకు ఒక నంబరివ్వాలి, దాచమని చెప్పి చివర్లో ఖాయం చేయడానికి కమిట్ కొట్టాలి. ఓస్ ఇంతేనా అనుకున్నాడు. సెట్టింగుల ఫైలైతే చదవను కూడా చదవకుండా ఉన్నదున్నట్టు దించేశాడు.

అందులో నేర్చుకునేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టిన ఒక లైనుంది. ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ అది పాత పట్టికలు పారేసి ఖాళీవి తయారుచేస్తుంది.

మొదటి రోజు అందరి పేర్లూ ఎక్కించి రాత్రికి మిషను ఆపాడు. మర్నాడు మళ్ళీ పెట్టాక ముళ్ళపంది మంగతాయి వచ్చి తన పేరు కనబడటం లేదంది. చూస్తే ఎవరి పేరూ లేదు. సంగతి అర్థమయ్యాక పానకాలు ఆ లైను తీసేయబోయాడు. అంతలో ఆమె బొరియ గుర్తొచ్చింది. గుట్ట మీద, చుక్క నీరు దిగని బొరియ. తన బొరియలో ఏటా మోకాలి లోతు నీళ్ళు.

దాంతో ఆ లైనును కదపలేదు. పేర్లు పోయినవాళ్ళు రోజూ క్యూ కట్టేవాళ్ళు, వాడు రోజూ ఎంతో ఓపిగ్గా ఎక్కించేవాడు. సింహంగారు తనిఖీకి వస్తానన్న రోజు మాత్రం తెల్లారగానే ప్రోగ్రాం మొదలుపెట్టి, సింహంగారి గుహ అన్నిటికంటే పైన ఎక్కించి, గుట్ట మీది బొరియ తన పేర రాసుకుని, క్యూలో ముందున్నవాళ్ళను ఎక్కించి, మంగతాయి వచ్చేలోపు కౌంటరు మూసేశాడు.

సింహంగారు వచ్చారు. జాబితాలో మంగతాయి లేదు.

"సామాను సర్దుకోండమ్మా, రూలు రూలే," అన్నాడు పానకాలు జాలిగా.

"నిన్న నువ్వే ఎక్కించావు కదయ్యా," అంది మంగతాయి. "ఆ మిషనొకసారి ఆపి మళ్ళీ పెట్టి చూడు. ఏ తేడా వచ్చినా మాకు నువ్వు చెప్పేది అదేగా."

అక్కర్లేదని పానకాలు నసిగాడు. సింహంగారు పెట్టమన్నారు. ఆపి మళ్ళీ పెట్టాడు.

తెర ఖాళీ.

"మరి నా గుహ ఎవరిది?" అన్నారు సింహంగారు నెమ్మదిగా.

"ప్రస్తుతానికి ఎవరిదీ కాదు మహారాజా."

ఆ పూటే ఉత్తర్వు రద్దయింది. పేరు లేనివాళ్ళు ఖాళీ చేయాలన్న ముక్కను మాత్రం పానకాలు ఒక్కడి మీద అమలు చేశారు.

నీతి: ఇంకొకరి పేరు చెరపదలచినవాడు తన పేరు వేరే కాగితం మీద రాసి దాచుకోవాలి.