రొట్టెల తట్ట మోయడానికి అర్హతలు

కైరో నగరంలోని ఒక పేటలో తలమీద రొట్టెల తట్టతో సైకిలు తొక్కేవారందరూ ఇకమీదట ‘అత్యున్నత సామర్థ్య పత్రం’ పొంది తీరాలని పేట పాలక సంఘం ఉత్తర్వు జారీచేసింది. పత్రం లేనివాడి తలకు తట్ట ఎత్తరాదని బేకరీలకు తాఖీదులు వెళ్లాయి. ఎంతో ముందుచూపుగల ఉత్తర్వు. ఇన్నాళ్లూ వాళ్లు ఏ అర్హతా లేకుండానే రొట్టెలు పడకుండా మోస్తున్నారు మరి.

అతీయాది పద్దెనిమిదేళ్ల అనుభవం. ఒక చెయ్యి తట్టకు, ఒక చెయ్యి హ్యాండిలుకు. వంద వేడి రొట్టెలతో బస్సుల సందుల్లోంచి చేపలా జారిపోతాడు. వేరే పని రాదు. పత్రం రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

పరీక్షను పాలక సంఘం వారి భవనం మూడో అంతస్తులో పెట్టారు. మానవ వికాస నిపుణులు డాక్టర్ ముంతసిర్ గారు ట్రాఫిక్‌లో చిక్కుకుని గంటన్నర ఆలస్యంగా విచ్చేసి, సమయపాలనపై అమోఘంగా ప్రసంగించారు.

“సోదరులారా! తట్ట ఉన్నది మీ తలమీద కాదు, తలలోపల! ఆ లోపలి తట్టను జయించండి!”

అందరూ చప్పట్లు కొట్టారు. అతీయా అనుమానంగా తల తడుముకున్నాడు.

గది ఇరుకు కనుక, తట్టతో సైకిలెక్కి ఉన్నచోటే కదలకుండా నిలవాలన్నారు.

“బాషా దొరా, కదలకపోతే సైకిలు పడిపోద్ది గదా!” అన్నాడు అతీయా.

“చూశారా, నిరాశావాదం!” అని డాక్టరుగారు రాసుకున్నారు.

అతీయా ఎక్కాడు. పడ్డాడు. పరీక్ష రొట్టెలు రబ్బరువి కనుక వాటికి దెబ్బ తగల్లేదు. ప్రథమశ్రేణిలో నెగ్గినవాడు డాక్టరుగారి మేనల్లుడు వాయిల్. అతను సైకిలెక్కనే లేదు కనుక పడనూ లేదు.

మర్నాడు పొద్దున్నే వాయిల్ పత్రం మెడలో వేసుకుని, తట్ట తలకెత్తుకుని, మొదటి మలుపులోనే వంద రొట్టెలూ వీధి పాలు చేశాడు. నేలపడ్డ రొట్టెను ఆ పేటలో ఎవరూ తొక్కరు. వీధి వీధంతా వంగి, ఒక్కొక్కటీ ఏరి, ముద్దుపెట్టి, కళ్లకద్దుకుంది. సామర్థ్య పత్రాల ఫలితంగా ప్రజల్లో రొట్టెపట్ల గౌరవం వందరెట్లు పెరిగిందని పాలక సంఘం నమోదు చేసుకుంది.

“ఎంత పద్ధతిగా పడేశాడమ్మా! చదువుకున్నోడి తీరే వేరు!” అని మురిసిపోయింది చిక్కుడుగింజల కూర అమ్మే ఉమ్ హుస్నీ. పద్దెనిమిదేళ్లుగా ఆమె బండికి రొట్టె తెచ్చింది అతీయాయే.

అతీయా కూడా వంగి ఏరాడు. అన్నిటినీ తట్టలో పేర్చి, అలవాటుకొద్దీ తలకెత్తుకోబోయాడు.

ఉమ్ హుస్నీ బండి వదిలి పరుగెత్తుకొచ్చింది.

“ఒరే అతీయా, దించరా! పత్రం లేనోడివి, పడేస్తావు!”