నూకాలప్ప వేళ్ళు

గౌరీశ్వరికి అన్నిటికంటే పెద్ద భయం ఫోన్లో చావు కబురు వినడం. అందుకని భర్తకు తప్ప తనంతట తాను ఎవరికీ ఫోన్ చేయదు. బాగున్నారా అని అడిగితే అవతలివాళ్ళు "నీకింకా తెలీదా?" అంటారేమోనని బెంగ.

గాజువాకలో మూడో అంతస్తు. రెండు గదులు, ఆరడుగుల బాల్కనీ. అందులో పెయింటు బకెట్లలో తొమ్మిది మొక్కలు. ఆకుల మీద పడే నల్లటి దుమ్మును వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే ఏది పుదీనాయో ఏది తులసో తెలియదు. ఎవరిచ్చిన మొక్కకు వాళ్ళ పేరే పెట్టుకుంది. గులాబీ పేరు ఫ్లోరక్క. పుదీనా పేరు గురునాథరావు గారు; ఆయన్ని వారానికి రెండుసార్లు గిల్లి పచ్చడి చేస్తుంది. కరేపాకు పేరు నూకాలప్ప. ఈ పేర్ల సంగతి ఆమెకూ, మాటలింకా రాని కూతురు నీలిమకూ తప్ప ఎవరికీ తెలియదు. భర్త సాయిశంకర్ బాల్కనీలోకి వచ్చేది డ్యూటీ బట్టలు ఆరేయడానికే.

అసలు నూకాలప్ప కింది వాటాలో ఒంటరిగా ఉండేది. ఆకుకూరలు అమ్మేది. నీలిమ నెలలు నిండకుండా పుడితే నలభై రోజులు వంట చేసి పెట్టింది ఆవిడే. ఎనిమిది నెలల కిందట రెండు బస్టాపుల అవతల ఇంకో గదికి మారిపోతూ, "ఈ కరేపాకుని సూసుకోయే. నన్ను సూసుకున్నట్టే" అని బకెట్ ఇచ్చి వెళ్ళింది.

గౌరీశ్వరి కరేపాకునే చూసుకుంది.

ఆ రోజు పొద్దున అనుకున్న పని చిన్నదే. వార్చిన గంజి బాల్కనీలో చల్లార్చి మొక్కలకు పోయాలి. గిన్నె పట్టుకుని వచ్చేసరికి నీలిమ బోర్లించిన బకెట్ ఎక్కి గ్రిల్ పట్టుకుని ఉంది. గిన్నె ఎటు వదిలిందో తెలియదు, పిల్లని లాక్కుంది. పొగలు కక్కే గంజంతా నూకాలప్ప నెత్తిన పడింది.

పిల్లకేమీ కాలేదు. కరేపాకు మాత్రం ఉడికిపోయి వేలాడింది. మొక్కల పేర్లు భర్తకు తెలియవన్న సంగతే మరిచిపోయి గౌరీశ్వరి అతనికి ఫోన్ చేసింది.

"నూకాలప్ప పోనాదండీ!"

వర్క్‌షాపు మోతలో సాయిశంకర్‌కు ఆ రెండు ముక్కలే వినిపించాయి. "ఏటి? ఎప్పుడు?"

"ఇప్పుడే. నా సేతుల్లోనే..." మిగతాది ఏడుపులో కొట్టుకుపోయింది.

"నువ్వేడవకు. నాను సెలవెట్టేసి వచ్చేత్తన్నాను."

మొక్క కోసం సెలవు పెట్టే మొగుడు ఎంతమందికి ఉంటాడని ఆమె ఇంకాస్త ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, బకెట్లో మట్టి గీరి వేళ్ళు చూడసాగింది.

సాయిశంకర్ దారిలోనే ఇంటి ఓనరమ్మ ఫ్లోరాకు ఫోన్లో కబురు చెప్పాడు. ద్వారకా నగర్‌లో బట్టలు కొంటున్న ఫ్లోరా అన్నీ అక్కడే వదిలేసి గౌరీశ్వరికి ఫోన్ చేసింది.

"ఎప్పుడు తీసేత్తారే?"

"ఇప్పుడే తీయనక్కా. వేళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పేణముంటాదేటో."

"ప్రభువా! వేళ్ళలో పేణముందా?"

"ఉన్నట్టే ఉందక్కా. నీళ్ళు పోసి సూత్తాను."

"ఎక్కువ పొయ్యకే తల్లీ, గొంతుకి అడ్డడిపోద్ది!"

మొక్కకు గొంతేమిటని గౌరీశ్వరి అడిగేలోగా ఫోన్ కట్టయింది. ఫ్లోరా అటునుంచి అటే అంబులెన్సుకు చెప్పింది, గౌరీశ్వరి అక్కడే ఉందనుకుని, ఆటో నడిపే తమ్ముడు గోపిని నూకాలప్ప గదికి తరిమింది. అప్పట్లో సామాన్లు చేరవేసింది అతని ఆటోనే.

గంటలో సాయిశంకర్ డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. చేతిలో బంతిపూల దండ.

"ఇంత పెద్ద దండ ఎందుకండీ?"

"మనకంత సేసిన మనిసి. సిన్నదేత్తే బాగోదు. ఎక్కడ పడుకోబెట్టారు?"

"పడుకోబెట్టడమేటి? బాల్కనీలోనే ఉంది."

"బాల్కనీలోకి ఎవుడు తెచ్చాడే!"

తలుపు తోసుకుని వెళ్ళి చూశాడు. ఉడికిన కరేపాకు. "ఇదేనండీ నూకాలప్ప" అంది గౌరీశ్వరి. దండనూ మొక్కనూ కాసేపు మార్చి మార్చి చూశాడు. ముందు అతనికి నవ్వొచ్చింది, తర్వాత ఆమెకు. ఎందుకో తెలియకపోయినా నీలిమ కూడా నవ్వింది.

"బతికున్న మనిసిని సంపేసాం కదే. ఓపాలి ఫోన్ సేసి సెప్పు. అప్ప కూడా నవ్వుకుంటాది."

ఎనిమిది నెలల తర్వాత గౌరీశ్వరి ఆ నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఎత్తలేదు. మూడోసారి నొక్కబోతుంటే గోపి ఫోన్ వచ్చింది.

"వదినా, లోపల గడియేసుంటే తలుపు ఇరగ్గొట్టేసాం. అప్ప బాత్రూం కాడ పడిపోయుంది. నువ్వు సెప్పింది నిజమే. వేళ్ళు కదుల్తన్నాయి."

పడి రెండు రోజులైందట. తుంటి విరిగింది, మాట ముద్దగా వస్తోంది. ఆస్పత్రి మంచం పక్కన గౌరీశ్వరిని చూసి నూకాలప్ప పెదాలు తడుపుకుంది.

"ఎవుర్ని పిలవాలో తెలీక నీ పేరే కేకేసానే. ఇనిపించిందేటి?"

గౌరీశ్వరి కరేపాకు సంగతి చెప్పలేదు.

"ఇనిపించిందప్పా" అంది.

ఆ మాట నమ్మి నూకాలప్ప ఇంకో పంతొమ్మిది రోజులు బతికింది. కబురు మాత్రం గౌరీశ్వరికి ఫోన్లో రాలేదు. ఆ వేళ్ళు అప్పుడు ఆమె చేతిలోనే ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా ఎవరో ఇచ్చిన మొక్క ఒకటి ఉండే ఉంటుంది. దానికి నీళ్ళు తర్వాత పోద్దురుగాని, ముందు ఆ ఇచ్చిన మనిషి ఎలా ఉన్నారో కనుక్కోండి. ఫోన్ ఎత్తకపోతే వెళ్ళి చూడండి. దారిలో దండ మాత్రం కొనకండి.