నాలుగో తరగతిలో సోఫా

ఆ రోజు పొద్దున పెద్ద పంతులమ్మ వేసుకున్న పథకం చిన్నదే. బడిని ఉన్నదానికంటే కాస్త బీదగా చూపించాలి.

ప్రభుత్వం బడికిచ్చే నిధులు కోసేసినప్పటి నుంచీ నాలుగో తరగతి గది కప్పు కారుతూనే ఉంది. ఆవిడ పెట్టుకున్న అర్జీలన్నింటికీ "పరిశీలిస్తాం" అన్న ఒక్క జవాబే వచ్చింది. ఇన్నాళ్ళకు తనిఖీ అధికారి స్వయంగా వస్తున్నాడు. కప్పు బాగుపడితే ఈ రాకతోనే బాగుపడాలి.

"చందాలతో కొన్న కొత్త బల్లలు కంటబడ్డాయంటే మన పని అయిపోయినట్టే మేడమ్," అన్నాడు లెక్కల మాస్టారు. "వీళ్ళకేం లోటని వెళ్ళిపోతాడు."

"అబద్ధం ఆడమంటారా?"

"అబద్ధమెందుకండీ? ఈ పూటకి ఎదురుగా టైలరు కొట్లో పెడదాం. అడిగితే చెబుదాం."

అడగడని ఆవిడకూ తెలుసు. అందుకే ఒప్పుకుంది.

బల్లలు వీధి దాటుతుంటే సెలూన్ ఆయన చూశాడు. బడి మూసేసి సామాను అమ్మేస్తున్నారని తనే తేల్చేసుకున్నాడు. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోంచి లేపి, ఆ కుర్చీనే అతని చేత ఒక పక్క పట్టించి, బల్లల లోటు తీర్చి బడిని నిలబెడదామని బయల్దేరాడు. కబురు విన్న తల్లులు కూడా కొంగు బిగించారు. ఒకరింటి నుంచి మంచం, ఇంకొకరింటి నుంచి భోజనాల బల్ల కదిలాయి. కిరాణా కొట్టావిడ అయితే, ఇంట్లో మొగుణ్ణి కూడా కూర్చోనివ్వని కొత్త సోఫాను ప్లాస్టిక్ కవరు తీసి మరీ నాలుగో తరగతిలో వేయించింది.

"బడి మూయడం లేదమ్మా," అని పెద్ద పంతులమ్మ మొత్తుకుంది.

"మీరు భయపడి అలాగే అంటారు టీచరమ్మా. మేమున్నాంగా," అంది కిరాణా ఆవిడ.

సరిగ్గా అప్పుడే అధికారి వచ్చాడు. పిల్లలు సోఫాలో జారగిలబడి ఎక్కాలు వల్లిస్తున్నారు. ఆయన సెలూన్ కుర్చీలో కూర్చుని ఒక చుట్టు తిరిగాడు.

"మా ఆఫీసులో కుర్చీల డబ్బు కోసేశారు. నాకు స్టూలే గతి. మీకు ఇంకా కప్పు కూడా కావాలా అమ్మా?"

పెద్ద పంతులమ్మకు, అతితెలివికి పోయి చేతులారా చెడగొట్టానని కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈలోగా బయట వాన అందుకుంది.

కప్పు నుంచి మొదటి చుక్క పడకముందే పిల్లలు లేచి, పుస్తకాలు ఒళ్ళో దాచుకుని గోడవారకు జరిగారు. సోఫాకు ఆ తెలివి లేదు. నీళ్ళు సరిగ్గా దాని నడిమధ్య పడ్డాయి.

కిరాణా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈ కప్పు ఎవరిది సార్?"

"ప్రభుత్వానిదమ్మా."

"అయితే నా సోఫా తడిపింది ప్రభుత్వమే. సంగతి తేల్చి కదలండి."

ఆవిడ వెనక తల్లులు, వాళ్ళ వెనక సగం గడ్డం మనిషి నిలబడ్డారు. అధికారి మాత్రం గోడవైపే చూస్తున్నాడు. "పిల్లల్ని జరగమని ఎవరూ చెప్పలేదే?"

"ఎందుకు సార్, మాకు అలవాటే," అంది ముందున్న పాప.

ఆయన ఇంక కుర్చీ తిప్పలేదు. అక్కడి నుంచే ఇంజనీరుకు ఫోను చేసి, ఈ మరమ్మతు ముందు చేయాలని గట్టిగా చెప్పాడు.

కొత్త కప్పు పడింది. టైలరు కొట్లోంచి బల్లలు తిరిగొచ్చాయి, నలుగురిళ్ళకూ సామాన్లు తిరిగెళ్ళాయి. సోఫాను మాత్రం కిరాణా ఆవిడ తీసుకెళ్ళలేదు. వాళ్ళిల్లు కారుతోందట.